పువ్వు చూసి పేరు చెప్పాను, ఆకు కోసుకొచ్చారు: ఒక ఎల్లో రాకెట్ కేసు

ఏప్రిల్ చివరి శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు ఫోన్‌లో ఒక ఫొటో వచ్చింది. రోడ్డు పక్కన కాలవ గట్టు, మోకాలెత్తు మొక్క, తల నిండా పసుప్పచ్చ పూలు. కింద మెసేజ్: "అక్కా, ఇది ఆవ మొక్కేనా? చూసిన దగ్గర్నుంచీ మా అత్తయ్యగారు ఆవాకు పప్పు అంటున్నారు. ఇక్కడ ఎటు చూసినా ఇదే."

మేముండేది అమెరికాలోని ఒహాయోలో, కొలంబస్ శివార్లలో. నేను గుంటూరులో పదకొండేళ్లు డిగ్రీ పిల్లలకు బోటనీ చెప్పాను. ఇక్కడికొచ్చాక చిత్తడి నేలల్లో, పొలం గట్ల మీద ఏ మొక్కలున్నాయో చూసి లెక్క రాసే సర్వే పనిలో ఉన్నాను. బూట్లకు బురద, చేతిలో భూతద్దం, జేబులో పాత కవర్లు. ఆ సంగతి తెలిసి చుట్టుపక్కల తెలుగువాళ్లు పెరట్లో ఏం మొలిచినా నాకే ఫొటో పంపిస్తారు. నాకూ అది సరదాయే. ఈ కేసు మాత్రం సరదాగా సాగలేదు. అందుకే జరిగింది జరిగినట్టు, నా పొరపాటుతో సహా రాస్తున్నాను.

ఫొటోలో ఉన్నది

దూరం నుంచి తీసిన పసుపు రంగును చూసి పేరు చెప్పడం నాకు అలవాటు లేదు. మరో మూడు ఫొటోలు అడిగాను: పువ్వును పై నుంచి ఒకటి, కాయ పడుతున్న చోట పక్క నుంచి ఒకటి, నేలకు దగ్గరగా ఉన్న ఆకును పెరికి అరచేతిలో పెట్టి ఒకటి. పది నిమిషాల్లో మూడూ వచ్చాయి. ఆ అమ్మాయి ఓపిక గలది.

పువ్వుకు నాలుగే రేకులు, ఎదురెదురుగా, శిలువలా. ఈ శిలువ వల్లే ఆ కుటుంబానికి మొదట క్రూసిఫెరే అని పేరు పెట్టారు. ఇప్పుడు బ్రాసికేసీ అంటున్నాం. పాత పేరు వాడినా తప్పు లేదు, నామకరణ నియమాలు రెండింటినీ ఒప్పుకుంటాయి. ఫొటోను పెద్దది చేస్తే కేసరాలు కూడా లెక్కకు వచ్చాయి. మొత్తం ఆరు. లోపలివి నాలుగు పొడుగు, బయటివి రెండు పొట్టి. క్యాబేజీ, ముల్లంగి, ఆవ, ఏ పువ్వు విప్పి చూసినా ఇదే లెక్క. బోర్డు మీద పుష్పచిత్రం గీసేటప్పుడు ఆ రెండు పొట్టి కేసరాలను పక్కలకు వేయడం మరిచిపోయిన విద్యార్థికి నేను మార్కు తగ్గించేదాన్ని. నాలుగు రేకులు, ఆరు కేసరాలు, రేకులు రాలాక పువ్వు మధ్యలోంచి సన్నని కాయ: ఈ మూడూ ఒకే మొక్క మీద కనిపిస్తే కుటుంబం దగ్గర ఇక సందేహం అక్కర్లేదు.

ఇక్కడ మన మొక్క ఒకటి గుర్తొచ్చింది. కోస్తాలో వానలు పడగానే రోడ్ల పక్కన కుక్కవామింట లేస్తుంది. దానికీ నాలుగు పసుపు రేకులే, దానికీ సన్నని కాయే. ప్రతి ఏడూ ఎవరో ఒక విద్యార్థి దాన్ని ఎండబెట్టి హెర్బేరియం షీటు (మొక్కల నమూనాలు అంటించే అట్ట) మీద అంటించి, కింద 'ఆవ' అని రాసి తెచ్చేవాడు. ముట్టుకుంటే జిగురు, కేసరాలు ఆరుతో ఆగవు, ఇంకా ఎక్కువే ఉంటాయి. అవి చాలు తేల్చడానికి. అయినా ఆ పిల్లలది పెద్ద తప్పేమీ కాదు. జన్యువుల ఆధారంగా కుటుంబాలను సర్దినప్పుడు 1998లో వామింటలను కూడా ఆవ కుటుంబంలోనే కలిపారు, 2009లో మళ్లీ వేరు కాపురం పెట్టించారు. ఎలా చూసినా దగ్గరి చుట్టాలే.

కుటుంబం తేలాక అసలు పని మొదలవుతుంది. పసుపు పూల ఆవ జాతులు ఈ రాష్ట్రంలో అరడజనుకు పైగా పెరుగుతాయి. మన పోపుల పెట్టెలోని ఆవాలు బ్రాసికా జున్సియావి. ఆ మొక్క పై ఆకులకు కాడ ఉంటుంది, ఆకు మొదలు కాండాన్ని చుట్టుకోదు. ఫొటోలో ఉన్న పై ఆకులు కాడ లేకుండా, మొదట్లో చెవుల్లాంటి రెండు తమ్మెలతో కాండాన్ని పట్టుకుని ఉన్నాయి. అంటే మన ఆవ కాదు. పొలాల్లో కలుపుగా పెరిగే బ్రాసికా రాపా అయితే ఆకులు కాండాన్ని చుట్టుకుంటాయి కానీ వాటి మీద బూడిద పూసినట్టు నీలి మెరుపు ఉంటుంది. చార్లాక్ అనే అడవి ఆవకు కాండం మీద గరుకు నూగు, కాయ చివర పొడుగాటి ముక్కు. ఈ ఫొటోలో ఆకు ముదురాకుపచ్చ, నూనె రాసినట్టు నిగనిగ. అడుగాకు చివర ఒక పెద్ద గుండ్రటి తమ్మె, దాని కింద కాడ వెంట రెండు మూడు జతల చిట్టి తమ్మెలు. కాయ ముక్కు పొట్టిది, రెండు మూడు మిల్లీమీటర్లు. ఇది ఎల్లో రాకెట్. వింటర్ క్రెస్ అని కూడా అంటారు. శాస్త్రీయ నామం బార్బేరియా వల్గారిస్.

ఒకే ఒక్క అనుమానం మిగిలింది. దీని చెల్లెలు బార్బేరియా వెర్నా. దాని అడుగాకుకు చిట్టి తమ్మెలు నాలుగు జతల నుంచి పది దాకా ఉంటాయి, కాయ కూడా బాగా పొడుగు. అమ్మాయి అరచేతిలోని ఆకుకు మూడే జతలు. కాబట్టి వల్గారిస్.

ఆమెకు నేను రాసిన జవాబు ఇది, అక్షరం మార్చకుండా: "ఆవ కాదు, ఆవ కుటుంబమే. ఎల్లో రాకెట్. విషం కాదు. లేతాకు కొందరు తింటారు, చేదుగా ఉంటుంది. రోడ్డు పక్కది మాత్రం వద్దు, మందులు కొడతారు."

మొక్క పేరు వరకు ఈ జవాబులో తప్పు లేదు. ఇప్పటికీ అదే చెప్తాను. తప్పంతా మూడో వాక్యంలో ఉంది.

బార్బేరియా సంగతి కొంచెం

ఈ మొక్కంటే నాకు ఇష్టం. పుట్టిల్లు యూరప్, ఆసియా. వలస వచ్చినవాళ్ల వెంట ఇక్కడికి చేరింది. సాధారణంగా రెండేళ్ల మొక్క. మొదటి ఏడు నేలకు అతుక్కుని ఆకుల చక్రంలా ఉంటుంది, రెండో ఏడు వసంతంలో కాండం లేపి పూస్తుంది. చలికాలంలో మంచు కింద కూడా ఆకు పచ్చగానే ఉంటుంది. పాత రోజుల్లో యూరప్‌లో డిసెంబరు 4న, అంటే సెయింట్ బార్బరా పండుగ నాటికి, కోసుకోవడానికి దొరికే పచ్చి ఆకు ఇదే. ఆమె పేరే మొక్కకు వచ్చింది. ఆ బార్బరా గని పనివాళ్లకూ ఫిరంగి దళాలకూ రక్షకురాలట. ఆకుకూరకు ఆ పేరు ఎలా అతికిందా అని మొదట విడ్డూరంగా అనిపించింది. తేదీ తెలిశాక సరిపోయింది.

ఇంకో విషయం మన క్యాబేజీ రైతులకు దగ్గరిది. క్యాబేజీని తినేసే వజ్రపు రెక్కల పురుగు కోసం మన దగ్గర ఇరవై అయిదు వరుసలకోసారి ఆవ మొక్కలు ఎర పంటగా వేయమంటారు. తల్లి పురుగు ఆవ ఆకు మీదకు పోయి గుడ్లు పెడుతుంది, మందు అక్కడ కొడితే సరిపోతుంది. బార్బేరియా అంతకంటే గడుసుది. వాసనకు తల్లి పురుగు ఎగబడి వచ్చి గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు మాత్రం ఆకు కొరికి బతకలేదు. నున్నటి ఆకు రకంలో ఉండే సపోనిన్లు అనే చేదు పదార్థాలు దాన్ని చంపేస్తాయి. మందు కొట్టే పనే లేదు. అందుకే దీన్ని తిరుగు దారి లేని ఎర పంట అంటారు. మనకు నాలుకకు తగిలే చేదులో ఆ సపోనిన్ల వంతు కూడా ఉంది.

ఘాటు వేరే సంగతి. ఆవ కుటుంబపు ఆకులో, గింజలో ఒక పదార్థమూ, దాన్ని విడగొట్టే ఎంజైమూ వేర్వేరు అరల్లో ఉంటాయి. నలిపినా నమిలినా రెండూ కలిసి ఘాటు పుడుతుంది. పోపులో చిటపటలాడిన ఆవగింజ ముక్కుకు ఎక్కదు, ఎందుకంటే కాగిన నూనెలో ఎంజైము పోతుంది. అదే ఆవాలు తడిపి నూరి పనసపొట్టు కూరలో ఆవపెడితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఇది చెప్పడానికి కారణం ఉంది. ఆకు నలిపి వాసన చూడటం ఈ కుటుంబాన్ని గుర్తుపట్టడానికి అందరూ చెప్పే పరీక్ష. ఈ కేసులో ఆ పరీక్షే మోసం చేసింది.

సంచి

మధ్యాహ్నం రెండు గంటలకు ఇంకో ఫొటో. సింకు పక్కన ఇండియన్ స్టోర్ సంచి, నిండా ఆకు. "అక్కా, రోడ్డు పక్కది కాదులే, వెనకాల పొలం గట్టు మీద కోశారు. ఎన్నిసార్లు కడగాలి?"

సంచి మీదకు తొంగి చూస్తున్న ఆకుల్లో ఒకటి వెల్లకిలా పడి ఉంది. అడుగున ఊదా రంగు. పక్కనే వేలి లావు కాడ ఒకటి, ఊదా గీతలతో. నా టీ అక్కడే ఆగిపోయింది.

వెంటనే ఫోన్ చేశాను. "స్టవ్ మీద పెట్టారా?" "లేదక్కా, పప్పు ఉడుకుతోంది, ఆకు ఇంకా వేయలేదు." "వేయొద్దు. ఆ లావు కాడ ఒకటి అడ్డంగా కోసి చూడు." కత్తి చప్పుడు వినిపించింది. "లోపల బోలుగా ఉంది, గొట్టంలా." పక్క నుంచి పెద్దావిడ గొంతు: "ఏటమ్మా, ఏటైంది?"

ఇరవై నిమిషాల్లో వాళ్లింట్లో ఉన్నాను. ఆవిడది విజయనగరం జిల్లా, శృంగవరపుకోట దగ్గర పల్లె. కొడుకు దగ్గరకు ఆరు నెలలకు వచ్చారు. నన్ను చూడగానే, "నలిపి వాసన చూసే కోసేనమ్మా, ఆవ వాసనే వచ్చింది" అన్నారు. నేను డైనింగ్ టేబుల్ మీద పాత పేపర్లు పరిచి, సంచి బోర్లించి, ఒక్కో ఆకూ, ఒక్కో మొక్కా విడదీయడం మొదలుపెట్టాను.

కొంతసేపటికి నా వేళ్లకు కూడా ఆవ వాసన పట్టింది. అప్పుడు అర్థమైంది. మొదట పది ఆకులు బార్బేరియావి నలిపితే, ఆ తర్వాత మీరు తోటకూర నలిపినా ఆవ వాసనే వస్తుంది. పెద్దావిడ అబద్ధం చెప్పలేదు, ముక్కు కూడా బాగానే పనిచేసింది. వాసన ఆకుది కాదు, వేళ్లది. సబ్బుతో చేతులు కడుక్కుని, అనుమానపు ఆకును ఒక్కదాన్నే విడిగా నలిపి చూశాను. పచ్చి గడ్డి వాసన, ఘాటు లేదు.

గంటంపావు పట్టింది. మొత్తం 64 ముక్కలు లెక్కకు వచ్చాయి. నలభై ఒకటి బార్బేరియా. పంతొమ్మిది క్రెస్‌లీఫ్ గ్రౌండ్‌సెల్, శాస్త్రీయ నామం ప్యాకెరా గ్లాబెల్లా. మూడు డాండెలియన్ ఆకులు. మిగిలిన ఒక్క ఆకు నలిగిపోయి ఉంది, దాన్ని ఏదీ కాదన్న కుప్పలో పెట్టాను. తేలని ఆకుకు పేరు పెట్టి తృప్తి పడే వయసు దాటింది.

ఈ గ్రౌండ్‌సెల్ ఆవ కుటుంబం కానే కాదు. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు ఉండే కుటుంబం. ఈ ప్రాంతపు సొంత మొక్కే, తడి నేల దొరికితే చాలు. దున్నకుండా వదిలిన మొక్కజొన్న, సోయా చేలల్లో వసంతంలో ఎకరాలకు ఎకరాలు కమ్మేస్తుంది. ఒహాయో నిషేధిత కలుపు మొక్కల జాబితాలో దీని పేరు ఉంది. శరదృతువులో మొలిచి, చలికాలమంతా ఆకుల చక్రంలా నేలను పట్టుకుని, వసంతంలో లేస్తుంది. దాని అడుగాకు కూడా అచ్చం ఇలాగే: చివర పెద్ద తమ్మె, కాడ వెంట చిన్న తమ్మెలు. క్రెస్ అంటే ఆవ కుటుంబపు ఆకుకూర. క్రెస్ లాంటి ఆకు అని పేరు పెట్టినవాళ్లు హెచ్చరికను అందులోనే దాచిపెట్టారన్నమాట.

రెండాకులూ పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పక్కపక్కన పెట్టాలి, అంతే. బార్బేరియా పెద్ద తమ్మె అంచు నున్నగా, కాస్త అలలా ఉంటుంది. గ్రౌండ్‌సెల్ తమ్మెలన్నిటికీ రంపపు పళ్ల లాంటి కోతలు. బార్బేరియా ఆకు ముదురు పచ్చ, దళసరి, మెరుపు. రెండోది లేత రంగు, మెత్తన, నీరు ఎక్కువ, అడుగున తరచుగా ఊదా ఛాయ. కాండం బోలు, లావు. బార్బేరియా కాండం గట్టిది, అంచులు తేలి ఉంటాయి. ఊదా గీతల బోలు కాండం అనగానే ఇక్కడ నాకు ముందు భయం వేసేది పాయిజన్ హెమ్‌లాక్ గురించి. సోక్రటీసుకు ఇచ్చిన విషం అదే. కానీ దాని ఆకు కొత్తిమీర, క్యారెట్ ఆకుల పోలికలో సన్నగా చీలి ఉంటుంది. ఈ సంచిలో అది లేదు, వెతికి మరీ చూశాను.

అప్పుడు అడగాల్సిన ప్రశ్న అడిగాను. "పిన్నిగారూ, ఇందులోది ఏదైనా నోట్లో వేసుకున్నారా?"

"రెండాకులు నమిలేనమ్మా. ఒకటి చేదు. ఒకటి ఏ రుచీ లేదు, నీళ్లు నీళ్లుగా ఉంది. అదే బాగుందనిపించింది."

కోడలి మొహం పాలిపోయింది. నాకూ టెన్షన్ వచ్చింది, కానీ బయటపడలేదు. ఇక్కడ దేశమంతటికీ ఒకటే పాయిజన్ కంట్రోల్ నంబరు, 1-800-222-1222. స్పీకర్‌లో పెట్టి మాట్లాడాం. మొక్క శాస్త్రీయ నామం, ఎంత నమిలారు, మింగారా ఉమ్మేశారా, వయసు, బరువు, రోజూ వేసుకునే మందులు, లివర్ సమస్యలు ఉన్నాయా అని వరుసగా అడిగారు. ఒక ఆకు ముక్కే కాబట్టి ఇంట్లోనే ఉండమన్నారు, ఏ లక్షణాలు వస్తే ఆసుపత్రికి వెళ్లాలో చెప్పారు. మర్నాడు వాళ్లే ఫోన్ చేసి కనుక్కున్నారు. ఆవిడకు ఏమీ కాలేదు.

ఎందుకంత కంగారు

ఒక ఆకుతో ప్రమాదం లేదని తెలిసినా నేను పరుగెత్తడానికి కారణం గ్రౌండ్‌సెల్‌లో ఉండే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే విషపదార్థాలు. అవి వాంతులో విరేచనాలో తెప్పించి హెచ్చరించే రకం కాదు. లివర్‌లోని సన్నని రక్తనాళాలను లోపల్నుంచి మూసేస్తాయి. కొద్దికొద్దిగా తిన్నా నష్టం పేరుకుంటుంది. వండితే పోతుందని నమ్మడానికి లేదు. పశువులకూ గుర్రాలకూ ఎండుగడ్డిలో ఈ మొక్క కలిస్తే ప్రమాదమని ఇక్కడి రైతులు జాగ్రత్త పడతారు.

మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది. 1970ల నడుమ అప్పటి మధ్యప్రదేశ్‌లోని సర్గుజా జిల్లాలో కొన్ని ఊళ్లలో జనం కడుపులో నీరు చేరి మంచాన పడ్డారు, చాలామంది చనిపోయారు. వాళ్లు తిన్న సామల్లో గిలిగిచ్చ జాతి గింజలు కలిశాయి. అందులో ఉన్నవీ ఈ తరహా ఆల్కలాయిడ్లే. ఆవాలకు సంబంధించిన ఇంకో సంఘటన 1998లో ఢిల్లీలో. ఆవనూనెలో బలురక్కసి గింజల నూనె కలిసి 60 మందికి పైగా ప్రాణాలు పోయాయి. మన చేల గట్ల మీద ముళ్ల ఆకులతో, పసుపు పూలతో ఉండే మొక్కే బలురక్కసి. దాని గింజ ఆవగింజలాగే ఉంటుంది, పైపైన చూస్తే తేడా తెలియడం కష్టం. ఈ రెండు చోట్లా జనానికి మొక్క తెలియక కాదు. సామ తెలుసు, ఆవ తెలుసు. పక్కన ఏం కలిసిందో మాత్రం ఎవరూ చూడలేదు.

ఇక నా పొరపాటు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చూసిన ఫొటో నిజం, చెప్పిన పేరు నిజం. ఆ వారంలో ఆ గట్టు మీద పసుపుగా పూసినదంతా బార్బేరియాయే, ఎందుకంటే గ్రౌండ్‌సెల్ అప్పటికి పూతకు రాలేదు. మరి తేడా ఎక్కడ వచ్చింది? మర్నాడు పిన్నిగారినే అడిగాను, ఏవి చూసి కోశారని.

"పువ్వొచ్చిన మొక్క ఆకు ముదురు కదమ్మా, కూరకేం పనికొస్తుంది? పువ్వు రానివి, లేతవి చూసి కోసేను."

వంట తెలిసిన ఎవరైనా అదే చేస్తారు. మా అమ్మ అయినా అదే చేసేది. నేను పువ్వున్న మొక్కను గుర్తుపట్టాను, ఆవిడ పువ్వు లేని మొక్కలను కోశారు. నా గుర్తింపుకు ఆధారమైన నాలుగు రేకులూ ఆరు కేసరాలూ ఆ సంచిలోని ఏ ఒక్క ముక్కకూ లేవు. లేత ఆకుల చక్రాలు రెండు జాతులవీ ఒకే తడి గట్టు మీద కలిసి ఉన్నాయి. అందులో మెత్తగా, చేదు లేకుండా, వంటకు బాగుంటాయనిపించేవి ఏవంటే గ్రౌండ్‌సెల్ ఆకులే. మొక్కల్ని గుర్తుపట్టే యాప్‌లో కూడా కోడలు ఆ ఉదయం చూసిందట. అదీ పువ్వు ఫొటోకు సరైన పేరే చెప్పింది. నేనూ యాపూ ఒకే పరీక్ష పాసై, ఒకే చోట తప్పాం.

పూత

పంతొమ్మిదింటిలో వేరుతో సహా వచ్చిన మొక్కలు రెండున్నాయి. వాటిని కుండీలో పాతి మా ఇంటి వెనక పెట్టాను. ఆకు చూసి పెట్టిన పేరు ఎంత నమ్మకంగా పెట్టినా, పువ్వు చూసేదాకా ఫైలులో 'బహుశా' అనే రాస్తాను. ఒకటి వాడిపోయింది. రెండోది మే రెండో వారంలో మొగ్గ విప్పింది. పసుపే, కానీ నాలుగు రేకులు కాదు. మధ్యలో చిన్న పూలన్నీ కిక్కిరిసిన బొడ్డు, చుట్టూ పది పదకొండు సన్నటి రేకులు. ఒక పువ్వులా కనిపించే పూల గుంపు. 'బహుశా' కొట్టేశాను. అదే వారం వాళ్లింటి వెనక చేనంతా పసుపైంది, ఈసారి పూర్తిగా గ్రౌండ్‌సెల్‌తో. రోడ్డు మీద కార్లు ఆపి జనం ఫొటోలు దిగారు. తెలుగువాళ్లు కూడా దిగారు. 'ఆవ చేలో మేము' అని ఒక ఫొటో నాకే వచ్చింది.

ఈ కేసు తర్వాత నా పద్ధతి కొంత మారింది. తినొచ్చా అని అడిగినవాళ్లకు జాతి పేరు చెప్పి ఊరుకుంటాను, 'విషం కాదు' అన్న మాట ఫోన్‌లో అనను. ఎవరైనా పట్టుబడితే కోసినదంతా టేబుల్ మీద పరవమంటాను, కోసినవారే ఒక్కొక్కటీ చేతులు కడుక్కుని చూడాలి. చాలామంది అక్కడితో ఆగిపోతారు, పాలకూర కొనుక్కుంటారు. కొందరికి నా మీద కోపం కూడా వచ్చింది. 'ఆమెకు ఏం తెలీదు, ఏది అడిగినా వద్దంటుంది' అన్నారని విన్నాను. అనుకోనీ.

పూసిన కుండీని పిన్నిగారికి చూపించడానికి తీసుకెళ్లాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, పువ్వును దగ్గరగా పట్టుకుని, వేలితో బొడ్డు మీద తట్టి, నవ్వేశారు.

"ఇది ఆవేటమ్మా! మా అరకు దారంట కార్తీకం నాటికి కొండలన్నీ పసుపెక్కుతాయి, వలిసెలు. ఇది ఆ బాపతు. ఆవ పువ్వుకీ దీనికీ పోలికేటి?"

నేను డిగ్రీ మూడేళ్లు చదివి నేర్చుకున్న కుటుంబాన్ని ఆవిడ రెండు సెకన్లలో పట్టుకున్నారు. వలిసె కూడా ఈ చామంతి కుటుంబమే. పువ్వుతో చూపించి ఉంటే ఆ శనివారం ఆవిడ ఒక్క మొక్కా ముట్టుకునేవారు కాదు.

"వలిసెల్నుంచి నూనె తీస్తాం," అన్నారు కుండీ తిప్పి చూస్తూ. "మరి దీన్నుంచి తీయరా?"

"తీయరు పిన్నిగారూ," అని కుండీ వెనక్కి తీసుకున్నాను.